ఆధారం లేని వాక్యం

"ఇక్కడ అబద్ధాన్ని అబద్ధమని తేల్చేవాళ్ళున్నారని చెప్పారు. మీరేనా?"

మధ్యాహ్నం మూడు గంటలకు మెట్లెక్కి వచ్చిన ఆవిడ గుమ్మంలోనే నిలబడి అడిగిన మొదటి మాట అది. అరవై దాటిన మనిషి. ఒక కంటికి పచ్చటి గుడ్డ కట్టి ఉంది. నలిగిన కాగితాన్ని ఒకదాన్ని, ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు, గుండెకు అదిమి పట్టుకుంది.

గుమాస్తా లేచి కుర్చీ వేశాడు. ఇరవై ఏళ్ళు కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు రాసి రాసి వేళ్ళు వంకర పోయిన మనిషి ఆయన. ఒకసారి జడ్జీకీ ప్లీడర్లకూ అందని అబద్ధాన్ని బోనులో నిలబడ్డ ఒక ప్రైవేటు డిటెక్టివ్ రెండే ముక్కల్లో విప్పి చెప్పడం చూశాడు. మర్నాడే కోర్టు ఉద్యోగానికి నమస్కారం పెట్టి ఆయన దగ్గర చేరిపోయాడు. ఆ సంగతి తలుచుకుని ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ తిడుతూనే ఉంటారు.

ఆ డిటెక్టివ్‌ను ఊరంతా భూతద్దం అంటుంది. నిజానికి ఆయన దగ్గర భూతద్దం లేదు. ముక్కు కొసకు జారే కళ్ళజోడు ఒకటుంది, దాని ఒక కాడకు దారం చుట్టి ఉంటుంది. ఆయన ఆ కళ్ళజోడు పైనుంచి ఆవిడను చూసి, "కూర్చోండమ్మా. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి," అన్నాడు.

ఆవిడ నీళ్ళు ముట్టుకోలేదు.

"పోయిన మంగళవారం మావారు నాలుగో అంతస్తు నుంచి కిందపడి పోయారండి. ఆయనే దూకారని పోలీసులు రాసేసుకున్నారు. నలభై ఏళ్ళు లైబ్రేరియన్‌గా చేశారు. రిటైరయ్యాక నెట్లో విజ్ఞాన సర్వస్వం ఉంటుంది చూడండి, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, అందులో రాస్తుండేవారు. జీతం లేదు, పేరు లేదు. అయినా పొద్దున లేస్తే అదే పని. ఈ రెండు నెలలూ ఆ ఫిడేలు విద్వాంసుడి పేజీ ఒకటే పట్టుకుని కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే, ఒక్క మూలం దొరకాలి, వస్తున్నా అనేవారు."

"ఫిడేలు విద్వాంసుడంటే, నలభై ఏళ్ళ క్రితం పోయిన పెద్దాయనేనా?"

"ఆయనే. ఇదిగో, ఇది మావారి పేరు మీద ఆ రోజు సాయంత్రం నాలుగూ నలభైకి పెట్టిన ఆఖరి దిద్దుబాటు. ఇదే ఆయన రాసిన చీటీ అంటున్నారు పోలీసులు."

గుమాస్తా కాగితం అందుకుని చదివాడు. పేజీలో ఏం మార్చారో ఒక్క ముక్కలో చెప్పుకునేందుకు కింద చిన్న గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో ఇలా ఉంది: "ఆ పత్రిక లేదు. ఆ వ్యాసమూ లేదు. అంతా నేనే కల్పించాను. క్షమించండి. సెలవు."

"ఆయన అబద్ధాలకోరని, సిగ్గుపడి చచ్చిపోయారని ఊరంతా అనుకుంటోంది. ఊరి సంగతి పోనివ్వండి." ఆవిడ కొంగు సర్దుకుంది. "ముప్పై ఎనిమిదేళ్ళు పక్కనున్నదాన్ని. నాకు ఒక్క మాట చెప్పకుండా, ముక్కూమొహం తెలియని జనానికి సెలవు చెప్పి వెళ్ళిపోయారంటే, నేనెవర్నండీ ఆయనకి? నన్ను ఓదార్చమని రాలేదు. ఆయన నన్ను వదిలి వెళ్ళారా, ఎవరైనా తోసేశారా, అదొక్కటే తేల్చి చెప్పండి. ఏదైనా భరిస్తాను."

భూతద్దం చొక్కా తొడుక్కోవడానికి లేచాడు. ఆయన అలా లేచాడంటే కేసు తీసుకున్నట్టే లెక్క.

*

నాలుగో అంతస్తులో, వరండా చివర ఉంది ఆ వాటా. వరండాకు ఒక పక్క వాటాల తలుపులు, రెండో పక్క మోకాళ్ళకు జానెడు పైకి వచ్చే పిట్టగోడ. దాని అవతల నాలుగంతస్తుల లోతున గాలి సందు. అడుగున నీళ్ళ మోటారు తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు ఆరు గంటలకు మోటారు ఆపడానికి వెళ్ళిన వాచ్‌మన్ శవాన్ని చూశాడు. ప్రాణం పోయింది నాలుగుకూ ఐదుకూ మధ్య అని డాక్టరు చెప్పాడు. గుమాస్తా పిట్టగోడ మీద చెయ్యి వేసి కిందికి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

ముందు గది చీకటిగా ఉంది. కంప్యూటరు ఉన్న బల్ల, చుట్టూ నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. బల్ల మీద కళ్ళజోడు పెట్టె ఒకటి ఉంది. భూతద్దం దాన్ని తెరిచాడు.

"ఇది?"

"కంప్యూటరు ముందు పెట్టుకునేదండి," అంది లైబ్రేరియన్ భార్య. "చేతిలో కాగితం చదవాలంటే వేరే జోడు ఉంది. ఒకదాని బదులు ఇంకోటి పెట్టుకుంటే తలనొప్పి వచ్చేది ఆయనకి. ఆ రెండోది... ఆయన మొహం మీదే విరిగి ఉందట. పోలీసులు సంచిలో వేసి ఇచ్చారు."

"ఒంటి మీద కాగితం ఏమైనా దొరికిందా?"

"ఏమీ లేదన్నారు."

భూతద్దం పెట్టె మూసేశాడు. గుమాస్తా మాత్రం ఎందుకైనా మంచిదని అంతా రాసుకున్నాడు.

కంప్యూటరు పక్కనే పాతబడ్డ గుడ్డ అట్ట పుస్తకం ఒకటి ఉంది. ఫిడేలు విద్వాంసుడి జీవిత చరిత్ర. ఆయన గురించి లోకంలో ఉన్న పుస్తకం ఇదొక్కటే. రాసింది పేరు మోసిన సంగీత విమర్శకుడు. ఒకే ఒక్కసారి అచ్చయింది. చివరి పేజీ నూట తొంభై ఆరు. లైబ్రేరియన్ ప్రతి అధ్యాయంలోనూ చీటీలు పెట్టుకున్నాడు.

విజ్ఞాన సర్వస్వంలో ఒక నియమం ఉంది. ప్రతి వాక్యం కింద, అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించాలి. చూపించని వాక్యాన్ని ఎవరైనా తీసేస్తారు. ఇంకో సంగతి, ఏం తీసేసినా పాతదంతా చరిత్రలో అలాగే ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో వరసగా చూసుకోవచ్చు. గుమాస్తా ఆ వరసంతా కాగితానికెక్కించాడు.

పేజీలో మొదట ఉన్న కథ ఇది. చివరి కచేరీకి ముందు విద్వాంసుడి ఫిడేలును ఆయన శిష్యురాలు దొంగిలించింది, ఆ దిగులుతోనే ఆయన మంచం పట్టి పోయాడు. ఆధారం: జీవిత చరిత్ర, నూట డెబ్బై ఒకటో పేజీ. దీనికి రెండో ఆధారం ఎక్కడైనా ఉందేమోనని లైబ్రేరియన్ రెండు నెలలు వెతికాడు. "శ్రోత" అనే మారుపేరుతో ఎవరో ఆయన మార్చిన ప్రతి ముక్కనూ వెనక్కి తిప్పి, పుస్తకంలో ఉన్నదే వేదమని వాదిస్తూ వచ్చారు. మంగళవారం పొద్దున లైబ్రేరియన్ కొత్త పేరా చేర్చాడు. వాద్యాలు బాగుచేసేవాళ్ళు నడిపిన ఒక పాత మాసపత్రికను చూపించి, ఫిడేలును ఎవరూ దొంగిలించలేదని రాశాడు. సాయంత్రం నాలుగూ నలభైకి ఆయన పేరు మీదే ఆ పేరా పోయింది. దాని స్థానంలో వచ్చిన వాక్యం ఇది: "గురువు ప్రాణమైన ఫిడేలును అపహరించి, ఆయన ప్రాణాన్నే అపహరించినది ఆయన శిష్యురాలే." ఆధారం: జీవిత చరిత్ర, రెండువందల పద్నాలుగో పేజీ.

భూతద్దం ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పాతపత్రిక ఇంట్లో ఉందా అమ్మా?"

"జిరాక్సు ఒకటుండేది. ఎంత వెతికినా కనబడలేదు. అందుకే పోలీసులు, లేనిది ఎలా కనబడుతుంది అంటున్నారు."

"ఆ రోజు ఎవరెవరు వచ్చారు?"

"నేను రెండింటికే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పత్రికలో సంగతి వాళ్ళకు బయటివాళ్ళ నోట తెలియకూడదని ఆయనే ముగ్గురికీ ఫోన్ చేసి పిలిచారు. రెండున్నరకు విద్వాంసుడి కొడుకు, మూడున్నరకు ఆ శిష్యురాలు, నాలుగింటికి పుస్తకం రాసిన విమర్శకుడు. డైరీలో రాసి ఉంది."

*

మర్నాడు పొద్దున గుమాస్తా లైబ్రేరియన్ పనిచేసిన గ్రంథాలయానికి వెళ్ళాడు. జిరాక్సు పోతే పోయింది. నలభై ఏళ్ళు పుస్తకాలు కాపలా కాసిన మనిషి అసలు ప్రతిని గడప దాటనిస్తాడా అని భూతద్దం అడిగాడు. దానితో గుమాస్తాకు కాలు నిలవలేదు.

బైండు చేసిన సంపుటం అటక మీద దుమ్ములో దొరికింది. ఆ పత్రిక చదివేవాళ్ళు ఆ కాలంలో నలభైమంది ఉంటే ఎక్కువ. ఆ నలభైమందిలో విద్వాంసుల జీవిత చరిత్రలు చదివే తీరిక ఉన్నవాడు ఒక్కడూ ఉండడు. ఒక ముసలి మరమ్మతుదారు తన జ్ఞాపకాలు చెప్పుకున్నాడు అందులో: "పెద్దాయన ఫిడేలు ముక్కల్ని గోనెసంచిలో తెచ్చాడు. కోపంలో నేనే నేలకేసి కొట్టాను, అతికించు, ఎవరికీ చెప్పకు అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. వెంట ఒక కుర్రాడు సంచి రెండో కొస పట్టుకున్నాడు. అతికించడానికి ఏమీ మిగల్లేదు. తర్వాత శిష్యురాలు దొంగిలించిందని విన్నాను. మన మాట ఎవరు వింటారు?"

గుమాస్తాకు ఒళ్ళు మండిపోయింది. పత్రిక ఉంది, వ్యాసమూ ఉంది. లేదని రాసినవాడు లైబ్రేరియన్ అయ్యే వీల్లేదు.

"హత్యే సార్," అన్నాడు ఆఫీసుకు వస్తూనే. "సంచి పట్టుకున్న కుర్రాడు కొడుకే. తండ్రి పరువు కోసం చేశాడు."

"అడుగుదాం పద," అన్నాడు భూతద్దం.

*

విద్వాంసుడి కొడుకు తండ్రి పేరు మీద ట్రస్టు నడుపుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. ముక్కు మీదే ఉంటుంది కోపం.

"అవును, అరిచాను. పక్క వాటావాళ్ళు విన్నారు కూడా. మా నాన్న తన ఫిడేలు తనే నేలకేసి కొట్టాడని లోకమంతా చదువుకోవాలా? కోర్టుకు లాగుతానని చెప్పి మూడింటికి బయటపడ్డాను."

"నాలుగూ నలభైకి ఎక్కడున్నారు?"

"ట్రస్టు మీటింగులో. కంప్యూటర్లోనే జరిగింది. ఒంట్లో బాగాలేక నా బొమ్మ కనిపించకుండా ఆపుకుని కూర్చున్నాను." చెప్పాక అదెలా వినిపిస్తుందో తనకే తెలిసి నీళ్ళు నమిలాడు.

గుమాస్తా డిటెక్టివ్ వైపు గెలిచినట్టు చూశాడు. ఆయన చూడలేదు.

"నాన్నగారి ఫిడేలు పోయినప్పుడు మీరెక్కడున్నారు?"

"హాస్టల్లో. రెండు రోజుల రైలు ప్రయాణం. పోయాకే కబురు వచ్చింది. అదంతా పుస్తకంలో చదివే తెలుసుకున్నాను. ఆ పుస్తకం కొత్త కూర్పు వచ్చే నెల మా హాల్లోనే విడుదల. నాకే ఇంకా చూపించలేదు. ఆవిష్కరణ రోజే చూడాలట."

శిష్యురాలు ఉండేది ఇరుకు సందులో, ఒక్క గది ఇంట్లో. గోడకు పిల్లల ఫిడేళ్ళు రెండు వేలాడుతున్నాయి. అరవై ఆరేళ్ళ మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహంలోకి చూడదు.

"ఆ పుస్తకంలో నా పేరు లేదు బాబూ. ఒక శిష్యురాలు అని ఉంది. ఆయనకున్నది ఒక్క శిష్యురాలే." ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూడలేక గుమాస్తా తన నోటుపుస్తకంలోకి తల వంచాడు. "మా నాన్న ఆ పుస్తకం వచ్చిన ఏడే పోయాడు. వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. కచేరీకి ఎవరూ పిలవలేదు. పిల్లలకి సరిగమలు చెప్పుకుంటూ బతికాను. వాళ్ళ అమ్మలు కూడా ఇంట్లో వస్తువులు సర్దుకునే నన్ను లోపలికి రానిచ్చేవాళ్ళు."

"మంగళవారం ఏం జరిగిందమ్మా?"

"ఆయన ఆ కాగితం చదివి వినిపించారు. మళ్ళీ చదవమన్నాను. అలా మూడుసార్లు చదివించుకున్నాను. నాలుగోసారి ఆయనే చదవలేక కాగితం పక్కన పెట్టేశారు. నాలుగు కావస్తోందని లేచాను. విమర్శకుడు వస్తాడని చెప్పారు. ఆయన ఎదురుపడటం నాకిష్టం లేదు. బయటికొచ్చి ఎటు నడిచానో తెలీదు. పార్కులో కూర్చున్నాను, చీకటి పడేదాకా."

"ఎవరైనా చూశారా?"

"నన్ను చూసి మొహం తిప్పుకోవడం అందరికీ అలవాటేగా. ఆ రోజు ఎవరు తిప్పుకున్నారో నేను పట్టించుకోలేదు."

విమర్శకుడి ఇల్లు విశాలమైంది. డెబ్బై ఏళ్ళున్నా మనిషి నిటారుగా ఉన్నాడు. పెద్ద బల్ల నిండా అచ్చు కాగితాల దొంతర, దాని చుట్టూ వందలకొద్దీ చిన్న చీటీలు. మూలన గుడ్డ కప్పిన కంప్యూటరు ఒకటుంది.

"అది మా కోడలిది," అన్నాడాయన, గుమాస్తా చూపు గమనించి. "నాకు కలమే దిక్కు. ఇదిగో, కొత్త కూర్పుకి నెలరోజులుగా విషయసూచిక తయారుచేస్తున్నాను. పాతదానికంటే నలభై పేజీలు పెరిగింది. నిద్రలో లేపి అడిగినా ఏ సంగతి ఏ పేజీలో ఉందో చెప్పేస్తాను."

"శ్రోత అనే పేరుతో ఒకరు మీ పుస్తకం తరఫున గట్టిగా పోట్లాడుతున్నారట."

"విన్నాను. ఎవరో పాపం, మంచి అభిరుచి ఉన్నవాడు," అన్నాడు విమర్శకుడు నెమ్మదిగా.

"మంగళవారం మీరు వెళ్ళారు కదా?"

"నాలుగింటికి వెళ్ళి తలుపు తట్టాను. పలకలేదు. వచ్చేశాను. మంచివాడండీ. లేని పత్రికను సృష్టించాల్సిన అవసరం ఏమొచ్చిందో."

మెట్లు దిగుతూ భూతద్దం, "ఆ పుస్తకం అచ్చువేస్తున్న ప్రెస్సుకి వెళ్ళు," అన్నాడు. "ఒక్కటే అడుగు. కొత్త కూర్పు కాగితాలు ఎంతమంది చేతికి ఇచ్చారో కనుక్కో."

గుమాస్తాకు తల తోకా తెలియలేదు. అయినా వెళ్ళాడు. ఒకే ఒక్క ప్రతి తీశామనీ, అది నెల క్రితమే విమర్శకుడికి పంపేశామనీ, మిగతావి ఇంకా అచ్చే కాలేదనీ ప్రెస్సువాడు చెప్పాడు.

*

శుక్రవారం పదకొండు గంటలకు అందరూ లైబ్రేరియన్ గదిలో కూర్చున్నారు. కొడుకు గడియారం చూసుకుంటున్నాడు. శిష్యురాలు తలుపు పక్క స్టూలు మీద ముడుచుకుని కూర్చుంది. విమర్శకుడికి పడక కుర్చీ వేశారు. ఇన్‌స్పెక్టరు అయిష్టంగానే వచ్చాడు. చీటీ ఉంది, మనిషి పడ్డాడు, ఇంకా ఈ గోలేమిటని ఆయన ముఖం మీదే రాసి ఉంది. లైబ్రేరియన్ భార్య నిలబడే ఉంది.

"ముందు ఈ ఇంటావిడ అడిగినదానికి జవాబు చెప్తాను," అన్నాడు భూతద్దం. "అమ్మా, మీవారు దూకలేదు. ఆయన పోయేటప్పుడు మొహం మీద ఉన్నది చేతిలో కాగితం చదివే కళ్ళజోడు. కంప్యూటరు జోడు మడిచి పెట్టెలోనే ఉంది. అంటే ఆయన చివరిసారి చూస్తున్నది కాగితాన్ని. ఈ చీకటి గదిలో కనబడటం లేదని ఎవరో అంటే, వరండాలో వెలుతురులోకి తీసుకెళ్ళి చూపిస్తున్నాడు. ఆయన కిందపడ్డాడు, కాగితం పడలేదు. కాగితం ఎదుటివాడి చేతిలో ఉండిపోయింది."

ఆవిడ గోడకు ఆనుకుంది. గుమాస్తా కుర్చీ జరిపాడు.

"మరి ఆ చీటీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆయన పోయాక రాసింది. కంప్యూటరు తెరిచే ఉంది. పత్రిక లేదని రాశారు. ఇదిగో పత్రిక." సంపుటం బల్ల మీద పెట్టాడు. "ఉన్నదాన్ని లేదని ఆయనెందుకు రాస్తాడు? పత్రికను కాదు, ఆయన మాటనే చంపాలనుకున్నారు. పేరా తీసేస్తే చరిత్రలో ఉంటుంది, ఎవరైనా తిరిగి పెడతారు. రాసినవాడే అబద్ధమని ఒప్పుకుని చచ్చిపోతే ఇంకెవరూ పెట్టరు. ఆ విజ్ఞాన సర్వస్వం లోగుట్టంతా తెలిసినవాడు చేసిన పని ఇది."

"నేను మీటింగులో ఉన్నాను," అన్నాడు కొడుకు.

"ఉన్నారో లేదో నాకు అక్కర్లేదు. గుమాస్తా, ఆఖరి దిద్దుబాటులో ఆధారం ఏ పేజీ?"

"రెండువందల పద్నాలుగు సార్."

"ఆ పుస్తకం తీసి చివరి పేజీ చదువు."

గుమాస్తా గుడ్డ అట్ట పుస్తకం తెరిచాడు. తన చేత్తో తనే రాసుకున్న రెండు అంకెలు అప్పుడు గాని ఆయన బుర్రలో ఒకచోటికి రాలేదు. "నూట తొంభై ఆరు," అన్నాడు. తన మీద తనకే కోపం వచ్చింది.

"రెండు నెలల్లో జీవిత చరిత్రదని లైబ్రేరియన్ చూపించిన ప్రతి పేజీ ఈ పాత కూర్పులోదే. దొంగతనం సంగతి నూట డెబ్బై ఒకటిలో ఉంది. లేని పేజీని ఆయన చూపించడు. రెండువందల పద్నాలుగు ఉన్నది ఇంకా అచ్చుకాని కొత్త కూర్పులో, లోకంలో ఒకే ఒక్క కాగితం మీద. ఆ కాగితం ఒకే ఒక్క బల్ల మీద ఉంది. ఆ పాత వాక్యాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. కాని ఆ బల్ల ముందు కూర్చునే మనిషికి తాను కొత్తగా చెక్కుకున్న వాక్యం మీద మక్కువ ఎక్కువ. దాన్నే టైపు చేశాడు. సూచిక కోసం నెలరోజులుగా వేళ్ళ మీదున్న పేజీనే దాని కింద వేశాడు. ఇన్‌స్పెక్టరుగారూ, పొద్దున ఈయన బల్ల మీది కాగితాలు మీవాళ్ళు తెచ్చారుగా. ఆ పేజీ తీయండి."

ఇన్‌స్పెక్టరు దొంతర తిప్పి ఒకచోట ఆగాడు. పెదవులు కదుపుతూ ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాడు. అక్షరం తేడా లేదు.

గదిలో అందరూ విమర్శకుడి వైపు చూశారు. ఆయన మాత్రం ఇన్‌స్పెక్టరు చేతిలోని కాగితాన్నే చూస్తున్నాడు.

"ఊరికే వదిలేస్తే సరిపోయేది," అన్నాడు చివరికి. "నాకూ తెలుసు. కాని వాక్యం రాశాక కింద ఖాళీగా ఉంచలేకపోయాను. ఆధారం లేని వాక్యాన్ని చూస్తే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది. శ్రోతగా పదేళ్ళ అలవాటు."

"కొడుకు అప్పుడు హాస్టల్లో ఉన్నాడు. సంచి పట్టుకున్న కుర్రాడు మీరే," అన్నాడు భూతద్దం.

"నేనే. అంత గొప్పవాడు తాగిన మత్తులో ఫిడేలు పగలగొట్టాడని నేనెలా రాయను? ఎవరో ఒకరి మీద పెట్టాలి. ఈ అమ్మాయి ఉంది. పేరు కూడా రాయలేదు కదా అనుకున్నాను."

శిష్యురాలు అప్పుడు తలెత్తి ఆయన మొహంలోకి సూటిగా చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"లైబ్రేరియన్ మీతో ఏమన్నాడు?" ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"కోప్పడి ఉంటే బాగుండేది. కొత్త కూర్పులో మీరే దిద్దేయండి, అప్పుడు మీ పుస్తకాన్నే ఆధారంగా పెడతాను, మీకూ గౌరవంగా ఉంటుంది అన్నాడు. దిద్దుకోమన్నాడు నన్ను. జీవితంలో నేను రాసింది ఒక్క పుస్తకం. ఆ కాగితం నా చేతికిచ్చి, వంగి వేలు పెట్టి లైను చూపిస్తున్నాడు." విమర్శకుడు ఆగాడు. "ఎంత తేలిగ్గా ఉన్నాడో. తోసినట్టే లేదు."

లైబ్రేరియన్ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. చనిపోయినందుకు ఏడ్చిందో, వదిలి వెళ్ళనందుకు ఏడ్చిందో గుమాస్తాకు తెలియలేదు. ఆయనకూ కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

*

పోలీసులు వెళ్ళాక కొడుకు శిష్యురాలి దగ్గరికి వచ్చి నిలబడి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ కూడా లేచింది.

"ఇక మీ దగ్గరికి పెద్దవాళ్ళు కూడా నేర్చుకోవడానికి వస్తారమ్మా," అన్నాడు గుమాస్తా.

ఆవిడ తన ఎడమచేతి వేళ్ళు చాపి చూపించింది. కణుపులు వాచి, వంగిపోయి ఉన్నాయి. "ఇప్పుడా బాబూ," అని వేళ్ళు ముడుచుకుంది. తర్వాత లైబ్రేరియన్ భార్య చెయ్యి పట్టుకుని, "మీ ఇంట్లో దీపం నాకోసం ఆరిపోయింది," అంది.

ఆవిడ వెళ్ళాక లైబ్రేరియన్ భార్య కంప్యూటరు ముందు కూర్చుంది. "ఆయన రాసిన పేరా తిరిగి పెట్టాలి. నాకు చేతకాదు. చూపించండి."

ఆయన పేరు మీద ఇంకొకరు రాయకూడదని గుమాస్తా చెప్పాడు. కొత్త ఖాతా తెరవాలి, దానికో పేరు పెట్టుకోవాలి. ఆవిడ ఒంటికంటితో అక్షరాలు వెతుక్కుంటూ "లైబ్రేరియన్ భార్య" అని కొట్టింది. చరిత్రలోంచి ఆ పేరాను బయటికి తీయడం గుమాస్తా చూపించాడు. పత్రిక పేరు, సంవత్సరం, పేజీ, అన్నీ ఆయన రాసినట్టే సరిగ్గా ఉన్నాయి.

"ఇక్కడ ఏం రాయాలి?" కింద ఉన్న గడి మీద వేలు పెట్టి అడిగింది.

"ఎందుకు మార్చారో ఒక్క మాట రాయాలమ్మా."

ఆవిడ ఆలోచించి, ఒక్కొక్క అక్షరమే కొట్టింది: "ఇది రాసినాయన అబద్ధం ఆడడు. నాకు తెలుసు."

అలా రాయకూడదు. తనకు తెలుసు అన్నది అక్కడ ఆధారం కాదు, పత్రిక పేరు చెప్పాలి. గుమాస్తా ఆ మాట చెప్పబోయి భూతద్దం వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

గుమాస్తా చెప్పలేదు. ఆవిడ మీట నొక్కింది.